రెండు చేతుల మాట

ఆయన పేరు ఇక్కడ రాయను. రేషన్ కార్డులో ఒక పేరు ఉండేది. పుట్టుక నుంచి చెవులు వినపడని మనిషి కాబట్టి ఆ పేరు ఆయన ఒక్కసారి కూడా విని ఎరగడు. తాను వినని పేరుతో ఇప్పుడు నేను పిలిస్తే ఎంత, పిలవకపోతే ఎంత. ఆర్మూరులో జనం ఆయన్ని మూగాయన అనేవాళ్లు. నా దుకాణంలో ఆ మాట అన్నవాళ్లతో నేను తగాదా పడ్డాను. మూగాయనట! నా జన్మలో అంత మాటకారిని ఇంకొకణ్ణి చూడలేదు. కాకపోతే ఆ మాట వినడానికి కళ్లు కావాలి. పైగా ఆ భాష పూర్తిగా తెలిసినవాడు లోకంలో ఒక్కడే ఉండేవాడు. ఆయన తమ్ముడు.

నాది పాత బస్టాండు వెనక సందులో కంప్యూటర్లు బాగుచేసే దుకాణం. మిషన్లతో ఉన్నంత ఓపిక నాకు మనుషులతో లేదని మా ఇంటావిడ ఫిర్యాదు. నిజమే. ‘స్లో అయింది, ఏం చేస్తవో చెయ్యి’ అని సిస్టం తెచ్చి బల్ల మీద కుదేసి పోయేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆయన అలా కుదేసేవాడు కాదు. బల్ల మీద వేళ్లతో రెండుసార్లు తట్టి, నేను తలెత్తేదాకా నిలబడేవాడు. ఆయన పోయి ఎన్నాళ్లో కాలేదు. ఇప్పటికీ ఎవరైనా బల్ల తడితే, తల ఎత్తకముందే నా ముఖం నవ్వడానికి సిద్ధమైపోతోంది. ఎత్తి చూస్తే ఎవరో ప్రింటరు పట్టుకుని నిలబడి ఉంటారు. వాళ్లేం పాపం చేశారని, వాళ్ల మీద విసుక్కుంటున్నాను.

ఆయన పని పసుపు పాలిష్ పట్టే చోట. ఉడకబెట్టి ఎండబెట్టిన కొమ్ములను పెద్ద ఇనప డ్రమ్ములో వేసి తిప్పుతారు. పైపొట్టు రాలిపోయి కొమ్ము నునుపెక్కుతుంది. ఆ రొదలో మిగతా కూలీలు గొంతులు చించుకుని అరుచుకుంటుంటే ఆయన ఒక్కడికే ఏ ఇబ్బందీ ఉండేది కాదు. సీజనులో ఆయన కనుబొమలు కూడా పచ్చగా ఉండేవి. అటువంటి మనిషి నా దుకాణంలోకి వచ్చే ముందు, ఎదురుగా ఉన్న చాయ్ హోటలు నల్లా దగ్గర మోచేతుల దాకా సబ్బు పెట్టి కడుక్కునేవాడు. లోపలికొచ్చి బడిపిల్లాడిలా రెండు చేతులూ ఇటూ అటూ తిప్పి చూపించేవాడు. నేను సరే అంటేనే బల్ల తాకేవాడు. మిషన్లకు పసుపు దుమ్ము పడదని ఎప్పుడో ఒకసారి ముఖం చిట్లించి చెప్పాను. మళ్లీ చెప్పించుకోలేదు.

మొదటిసారి ఆయన్ని తమ్ముడే వెంటబెట్టుకొచ్చాడు. పదేళ్ల పైమాటే. తమ్ముడికి సౌదీ పోవడానికి రెండోసారి వీసా వచ్చింది. పోయే ముందు అన్నకు ఒక కంప్యూటరు కొనిపెట్టాలని వచ్చాడు.

“కొత్తది మాతోని గాదు కాకా. పాతదే ఒకటి జేసియ్యి. గని తెర పెద్దగుండాలె. క్యామెర మీదికుండాలె. మనిషి నడుము దాంక కనవడాలె,” అన్నాడు.

“వీడియోల మాట్లాడుకునుడే గద. గింత డబ్బ ఎందుకు? ఒక మంచి ఫోను కొనియ్యరాదు?” అన్నాను.

“ఫోను చేతుల వట్టుకుంటె ఒక్క చెయ్యే మిగుల్తది గద కాకా. ఒక్క చెయ్యితోని మాట్లాడుడంటె సగం నోరు మూసుకున్నట్టే.”

ఆ మాట అంటున్నప్పుడు తమ్ముడి చేతులు ఊరకే లేవు. నోటితో నాతో, చేతులతో అన్నతో, రెండూ ఒకేసారి నడుస్తున్నాయి. నేనన్నదీ తానన్నదీ ఒక్క ముక్క వదలకుండా అన్నకు చేరవేస్తున్నాడు. అన్న మధ్యలో ఏదో అడ్డం తగిలాడు, తమ్ముడు పకపకా నవ్వాడు. ఏమన్నాడని అడిగితే కాసేపు నసిగి చెప్పాడు. “నీ కండ్లద్దాలు ముక్కు మీదికెల్లి జారుతనే ఉన్నయి, ఒక మొల కొట్టుకోమంటుండు.”

అప్పటి నుంచి వాళ్ల భాషలో నా పేరు అదే. ముడిచిన వేలితో కళ్లద్దాలు పైకి తోసినట్టు చేస్తే నేను. అట్లా ప్రతి మనిషికీ ఒక గుర్తు ఉండేది. వాళ్ల అమ్మ బీడీలు చుట్టేది. మా వైపు అమ్మను అవ్వ అంటాం. బొటనవేలి గోరుతో బీడీ కొన మడిచినట్టు చేస్తే అవ్వ. ఎడమ కనుబొమ మీద వేలు గీస్తే తమ్ముడు. చిన్నప్పుడు గుట్ట రాళ్ల మీద నుంచి పడి అక్కడ కుట్లు పడ్డాయి. పిడికిలి మీద పిడికిలి పేరిస్తే ఆర్మూరు. ఆ గుట్టా, దాని మీది బండలూ చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

ఇదేదో బడిలో నేర్పే సైగల భాష అనుకోకండి. ఆయన ఏ బడికీ పోలేదు. ఒకే బొంతలో పడుకుని పెరిగిన ఇద్దరు పిల్లలు, ఒకడికి వినపడక, ఇంకొకడికి ఉండబట్టక, ఏళ్ల తరబడి కలిసి చేసుకున్న భాష అది. రాసిపెట్టింది లేదు, మూడోవాడికి నేర్పింది లేదు.

సౌదీలో శుక్రవారం సెలవు. అందుకని ఇక్కడ ఆయనా శుక్రవారం పూట పనికి పోయేవాడు కాదు. పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని తెర ముందు కూర్చునేవాడు. మిషను నడుస్తోందో లేదో తెలుసుకోవడానికి డబ్బా నెత్తిన అరచెయ్యి పెట్టి చూసేవాడు. లోపలి ఫ్యాను అదురు చేతికి తగిలితే సంతృప్తిగా తలూపేవాడు. వినాయక నిమజ్జనం నాడు కూడా అంతే, డీజే బండి బాక్సులకు ఛాతీ ఆనించి కళ్లు మూసుకుని నడిచేవాడు. పోలీసులు లాగేసినా మళ్లీ వచ్చి ఆనుకునేవాడు.

మొదట్లో కొన్ని శుక్రవారాలు లైను కలిపిచ్చే పని మీద వాళ్లింటికి పోయాను. తర్వాత ఆయనే కలుపుకోవడం నేర్చుకున్నాడు. అయినా పోతూనే ఉన్నాను. వట్టిగా చూడ్డానికి. అటువైపు తమ్ముడు ఫోనును నూనె డబ్బాకు ఆనించి పెట్టుకుని నేల మీద కూర్చునేవాడు. ఇక మొదలయ్యేది. పసుపు కొనడానికొచ్చిన లావుపాటి వ్యాపారి కొమ్ము విరిచి, మూతి విరిచి, ధర తగ్గించమని ఎట్లా మారాం చేశాడో ఆయన చేసి చూపిస్తుంటే, నాకు ఆ మనిషి కళ్లముందు కనిపించేవాడు. తోటి కూలీల మీద చాడీలు. ఎవరింట్లో కోడలు అలిగి పోయిందో ఆ కబుర్లు. ఒంటె ఏం తింటుంది, ఇసుకలో నడిస్తే చెప్పులు ఏమవుతాయి, మీ గదిలో పాకిస్తానోడు ఏ కూర వండుతాడు, అన్నీ ప్రశ్నలే. వీధిలో పెదవి విప్పని మనిషి తెర ముందు గొంతెత్తి నవ్వేవాడు. ఆ నవ్వు అదో రకం, ఎత్తుపల్లాలు లేకుండా ఒకే తీరున వచ్చేది. కొత్తవాళ్లు ఉలిక్కిపడేవాళ్లు.

అవ్వ గడప దగ్గర చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతూ ఉండేది. ఒకసారి ఉండబట్టలేక అడిగాను.

“వాళ్లు ఏం మాట్లాడుకుంటుండ్రో నీకు తెలుస్తదా అవ్వా?”

“ఏం తెలుస్తది కొడుకా,” అంది చేతిపని ఆపకుండా. “అన్నం, నీళ్లు, జరం, పండుకునుడు. గంతే. వాని ఆకలి నాకెర్క, వాని ముచ్చట నాకెర్క లేదు. గా ముచ్చట్లన్ని చిన్నోనితోనే.” బీడీ కొన మడిచి మళ్లీ తనే అంది. “చిన్నోడు ఆ ఎండల పని జేసి జేసి ఎప్పుడన్న ఏమన్నయితె, వీడు ఎవలతోని మాట్లాడుతడు బిడ్డా? నాకు గదే ఫికరు.”

ఆ ఫికరు అర్థమైనప్పటి నుంచి ఆ మిషను విషయంలో నాకూ ఒక రకమైన భయం పట్టుకుంది. ఎవరి సిస్టం చెడిపోయినా రేపు రమ్మంటాను. ఆయనది మాత్రం చేతిలో పని పక్కన పడేసి చూసేవాణ్ణి.

చెడిపోవడం మెమరీ దగ్గర మొదలైంది. మెమరీ అంటే జానెడు కూడా ఉండని పచ్చ పలక, మేము ర్యామ్ అంటాం. నేను చేసిచ్చిన పాత మిషనులో ఒక్క జీబీయే ఉంది. మొదట్లో సరిపోయింది. మాట్లాడుకునే ప్రోగ్రాం మాత్రం కొత్తగా వచ్చినప్పుడల్లా ఇంకాస్త బరువెక్కేది. పాత మిషను మొయ్యలేక బొమ్మ ఆగి ఆగి కదిలేది. మనకైతే బొమ్మ ఆగినా గొంతు వస్తూనే ఉంటుంది, ఎట్లాగో నెట్టుకొస్తాం. ఆయనకు బొమ్మ ఆగితే మాట ఆగినట్టే.

ఒక శుక్రవారం మిట్టమధ్యాహ్నం అవ్వ ఆటో దిగి పరుగున దుకాణంలోకి వచ్చింది. తునికాకు కత్తిరించే కత్తెర చేతిలో అట్లాగే ఉంది.

“జల్ది రా కొడుకా. మావోడు తెర ముంగట్నుంచి లేస్తలేడు. ఒకటే ఏడుస్తుండు. చిన్నోనికి ఏమన్నయిందో ఏమో.”

పోయి చూశాను. తెర నిండా తమ్ముడి బొమ్మ. కళ్లు మూసి ఉన్నాయి. నోరు సగం తెరిచి ఉంది. తల ఒక పక్కకు వాలి ఉంది. రెప్ప వాల్చిన క్షణాన మిషను బిగుసుకుపోయింది, అంతే సంగతి. మౌసు కదలడం లేదు. మనం చూడగానే హ్యాంగయిందంటాం. ఆయనకు ఆ తెర కిటికీ. కిటికీ అవతల తమ్ముడు మాట్లాడుతూ మాట్లాడుతూ కళ్లు మూశాడు, ఇంతసేపైనా తెరవలేదు. ఆయన ఒక చెయ్యి ఆ ముఖం మీద పెట్టుకుని కూర్చున్నాడు. పొద్దుటి నుంచి నీళ్లు కూడా ముట్టలేదట.

నేను స్విచ్చు వైపు చెయ్యి చాచగానే నా మణికట్టు పట్టుకున్నాడు. డ్రమ్ములు తిప్పిన చెయ్యి. ఎముక విరుగుతుందనుకున్నాను. బంద్ చేస్తే తమ్ముడు అటునుంచి అటే పోతాడని ఆయన భయం.

తమ్ముడికి ఫోను చేశాను. కంప్యూటర్లు బాగుచేసేవాణ్ణన్న మాటే గాని అప్పటికి నాది బటన్ల ఫోనే. వెంటనే ఎత్తాడు.

“లైను కట్టయింది కాకా, మల్ల కలుస్తనే లేదు. అన్న ఏం జేస్తుండు? తిన్నడా?”

ఆ పిల్లాడి గొంతు నా చెవిలో ఖంగుమంటోంది. అడుగు దూరంలో వాళ్లన్న, తమ్ముడు పోయాడని ఏడుస్తున్నాడు. నాకు చెప్పడం రాదు. అవ్వకూ రాదు. అవ్వ కొడుకు గదవ పట్టి తనవైపు తిప్పుకుంది. తింటున్నట్టు సైగ చేసింది, నవ్వుముఖం పెట్టింది, ఫోను చూపించింది. ఆయన ఆ ఫోనును చూసి మళ్లీ తెర వైపు తిరిగాడు. ఆయనకు అదీ ఒకటే, రాయీ ఒకటే. బతికున్న మనిషి మాట్లాడుతున్నాడు, ఆ మాట చేరాల్సిన చోటికి చేరే దారి ఆ ఇంట్లో లేదు. 

“బంద్ జేసి మల్ల చాలు చెయ్యి కాకా. నన్ను కదులుతుంటె జూస్తెనే నమ్ముతడు,” అన్నాడు తమ్ముడు.

వట్టిగా ఆన్ చేస్తే మళ్లీ బిగుసుకుంటుంది. దుకాణానికి ఉరికి, నేను వాడుకునే మిషనులోంచే ఒక మెమరీ పలక పీక్కొచ్చాను. అదేమిటని అవ్వ అడిగింది.

“పసుపు గోదాముల ఎంతన్న పడుంటది గద అవ్వా. గని ఆరబొయ్యాలంటె కల్లం గావాలె. గీ డబ్బల కల్లం చిన్నగైంది.”

“అయితె పెంచు బిడ్డా. నేను వాన్ని పట్టుకుంట, నువ్వు బంద్ జెయ్యి,” అంది.

వెనక నుంచి కొడుకును రెండు చేతులతో చుట్టేసింది. ఆయన ఒక్కసారి విదిలిస్తే ఆ ముసలి మనిషి గోడకు పోయి తగిలేది. విదిలించలేదు. నేను స్విచ్చు నొక్కాను. తెర నల్లగా అయిపోయింది. ఆయన నోట్లోంచి వచ్చిన అరుపుకు పక్కింటివాళ్లు గోడ మీదుగా తొంగి చూశారు.

డబ్బా విప్పితే లోపల సన్నటి పసుపు దుమ్ము. ఒంటికి అంటుకుని ఇంటికొచ్చిన దుమ్మే కదా. గబగబా ఊది, పాత పలక తీసి దాని ఇత్తడి రంగు పళ్లను రబ్బరుతో రుద్ది, రెండు పలకలూ పక్కపక్కన పెట్టి బొటనవేళ్లతో నొక్కాను. కొక్కేలు టక్కున పడ్డాయి. అప్పటికి ఆయన ఏడుపు ఆపి నా చేతులనే చూస్తున్నాడు. మిషను చాలు చేయగానే డబ్బా మీద అరచెయ్యి పెట్టాడు. మేం ముగ్గురం ఆ తెర వెలిగేదాకా దాని మీదికే వంగి ఉన్నాం.

తమ్ముడు తెర మీదికొచ్చాడు. కనుబొమ మీద వేలు గీసి చూపించాడు, చేతులు ఊపాడు. ఆయన వెంటనే నమ్మలేదు. లేచి నిలబడమన్నాడు. తమ్ముడు నిలబడ్డాడు. ఒక చుట్టు తిరగమన్నాడు. తిరిగాడు. నాలుక బయటపెట్టమన్నాడు. అదీ అయ్యాక, తిట్లు! రెండు చేతులూ గాలిలో కొట్టుకుంటూ ఆయన తిట్టిన తిట్లకు అర్థాలు నాకు అక్కర్లేకపోయాయి. తమ్ముడు నవ్వుతూ నవ్వుతూ మోచేత్తో కళ్లు తుడుచుకున్నాడు. అవ్వ నేల మీద కూలబడి, చెదిరిన తునికాకు ఏరుకోవడం మొదలుపెట్టింది.

ఆ తర్వాత వాళ్ల భాషలో కొత్త మాట ఒకటి పుట్టింది. రెండు బొటనవేళ్లు కిందికి నొక్కడం. నేను పలక నొక్కింది చూసి ఆయన చేసుకున్న మాట. ఆగిపోయింది మళ్లీ నడిచిందని దాని అర్థం. చెడిపోయిన ఆటో కదిలినా అదే, కొట్టుకుని విడిపోయిన మొగుడూపెళ్లాలు కలిసినా అదే, ఎవరికైనా కడుపు కట్టేసి వదిలినా అదే. “మా ముచ్చట్లల్ల నీది గూడ ఒక మాట చేరింది కాకా,” అని తమ్ముడు ఫోనులో చెప్తే నేను ఆ రోజంతా గిరాకీలతో మెత్తగా మాట్లాడాను.

ఆయన నాతో కూడా మాట్లాడాలని చూసేవాడు. దుకాణంలో కూర్చుని చేతులు తిప్పుతూ ఏదో చెప్పేవాడు, నేను పనిలో ఉండి ఊఁ ఊఁ అన్నట్టు తలూపేవాణ్ణి. పట్టేసేవాడు. నా గదవ పట్టుకుని ఎత్తి, ఏం చెప్పానో నువ్వు చెప్పు అన్నట్టు కనుబొమలెగరేసేవాడు. నాకు వచ్చిన పదిపన్నెండు మాటల్లోంచి తోచినవి ఏవో కలిపి చేసేవాణ్ణి. నా భాష చూసి పొట్ట పట్టుకుని నవ్వి, బల్ల మీద కొట్టి, పోయేవాడు. చెయ్యి తిరగని ముసలాడికి రాత నేర్పుతున్నట్టు ఉండేది ఆయన వాలకం.

ఏళ్లు గడిచాయి. తమ్ముడు సెలవు మీద వచ్చిపోతుండేవాడు. ఊళ్లో అందరి చేతుల్లోకీ పెద్ద తెరల ఫోన్లు వచ్చాయి. ఆయన మాత్రం ఆ పాత డబ్బాను వదల్లేదు. దానికి పనికొచ్చే పాతరకం ర్యామ్ ఎవరి చచ్చిన మిషనులో దొరికినా తీసి డ్రాయరులో దాచేవాణ్ణి. ఇంకో పలక వేశాను. దానితో బోర్డు మొయ్యగలిగినంత అయిపోయింది. ఇక పెంచడానికి లేదని చూపిస్తే ఆయన డబ్బా లోపలికి వంగి ఖాళీ చోటు కోసం వెతికాడు. లేదని తెలిశాక నా భుజం తట్టాడు. నన్ను ఓదారుస్తున్నట్టు.

డబ్బా కంటే ముందు మనిషే చెడ్డాడు. షుగరు ఎప్పుడు వచ్చిందో ఎవరూ చూసుకోలేదు. కాళ్లు ఉబ్బాయి, ముఖం ఉబ్బింది. కిడ్నీలు పోయాయన్నారు. నిజామాబాదులో ఒక దవాఖానలో వేశారు. తమ్ముడు సౌదీలో యజమాని కాళ్లావేళ్లా పడుతున్నాడు, వాళ్లు పంపితే గాని కదలడానికి లేదు. అవ్వ ఒక్కతే ఉందని నేను పోయాను.

మంచం దగ్గరికి పోయేసరికి ఆయన రెండు చేతులూ మంచం కడ్డీలకు గుడ్డలతో కట్టేసి ఉన్నాయి.

నన్ను చూడగానే వేళ్లు మాత్రం కదిలాయి. కట్టు కింద మణికట్టు మెలి తిరుగుతోంది. కళ్లలో నీళ్లు చెవుల్లోకి కారుతున్నాయి. నర్సును పిలిచాను. చిన్న పిల్ల. వార్డు నిండా రోగులు, ఒక్కతే ఉరుకులాడుతోంది.

“చేతులు ఊకె లేపుతుండు సార్. సూదులు గుంజేసుకుంటుండు. గందుకె కట్టినం,” అంది.

“లొల్లి జేస్తలేడమ్మా, మాట్లాడుతుండు. ఆయనకు చేతులే నోరు,” అన్నాను. 

ఆ పిల్ల ఆయన ముఖంలోకి చూసింది, నా ముఖంలోకి చూసింది. “మాకెవ్వరు చెప్పలేదు సార్,” అని గబగబా కుడిచేతి కట్టు విప్పింది. ఎడమ చేతికి సూది ఉంది, అది విప్పడం కుదరదంది. పోతూ పోతూ ఆయన కుడిచెయ్యి కందిన చోట కాసేపు నిమిరింది.

ఇప్పుడు నా దగ్గరా పెద్ద తెర ఫోనే. తమ్ముడికి కలిపి ఆయన ముఖం ఎదురుగా పట్టుకున్నాను. ఎండలో పని మీద ఉన్నాడు, నెత్తిన హెల్మెట్టు. అన్నను చూడగానే హెల్మెట్టు తీసేశాడు. ఫోను కింద ఎక్కడో ఆనించి రెండు చేతులూ ఎత్తాడు. అంతలో బొమ్మ ఆగిపోయింది. ఆ వార్డులో సిగ్నలు లేదు. తిరిగి కలుపుతున్నామంటూ తెర మీద చక్రం తిరగడం మొదలుపెట్టింది.

ఆయన ఈసారి భయపడలేదు. ఆగిన బొమ్మను కాసేపు చూశాడు. తర్వాత కళ్లు నా వైపు తిప్పాడు. విడిపించిన కుడిచెయ్యి ఎత్తి, మెల్లగా, ఒక్కొక్కటే చేసి చూపించాడు. ఒక్కో మాట దగ్గర ఆగి నా ముఖం చూశాడు. అంతా అయ్యాక మళ్లీ మొదటి నుంచి చేశాడు. నాకు అర్థం కావాలని కాదు, నాకు గుర్తుండాలని. అది మాత్రం నాకు బాగా అర్థమైంది.

“నీళ్లడుగుతుండా బిడ్డా?” అంది అవ్వ. గ్లాసు నోటికి అందించింది. అమ్మ కోసం రెండు గుక్కలు తాగాడు.

వీడియో తీసి ఉంటే అయిపోయేదని ఇప్పుడు అందరూ అంటారు. నా చేతిలో ఫోను కలవడానికి తిరుగుతూనే ఉంది, ఇంకో చెయ్యి ఆయన మోచేతి కింద ఉంది. తెల్లారేసరికి ఆయన లేడు.

తమ్ముడికి సెలవు కాగితం వచ్చేసరికి ఇక్కడ కార్యాలు కూడా అయిపోయాయి. ఎక్కడివాళ్లక్కడ పోయాక దిగాడు. మర్నాడు పొద్దున్నే దుకాణానికి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. ఏడవలేదు. చేతులు రెండూ ఒళ్లో పడి ఉన్నాయి. అన్న పక్కన లేనప్పుడు కూడా నాతో మాట్లాడుతుంటే ఆ పిల్లాడి చేతులు వాటంతటవే కదిలేవి. ఆ రోజు నోరు ఒక్కటే కదిలింది.

“అవ్వ జెప్పింది కాకా. లైను కట్టయినంక అన్న నీకేదో చెప్పిండట గద.”

“చెప్పిండు. నాకేం తెలుస్తది చిన్నోడా?”

“తెల్వకున్న మంచిదే. ఎట్ల జూసినవో గట్ల చేసి చూపెట్టు. తప్పువోయినా ఏం గాదు.”

నేను మరిచిపోలేదు. మరిచిపోతానేమోనన్న భయంతో అప్పటి నుంచి రోజూ దుకాణం తెరవగానే, ఎవరూ చూడకుండా ఒకసారి చేసి చూసుకుంటున్నాను. స్క్రూడ్రైవరు పక్కన పెట్టి కుడిచెయ్యి ఎత్తాను. కనుబొమ మీద వేలు గీశాను. ఎడమ మణికట్టు వైపు చూపించి, వేళ్లు ముడిచి, చెయ్యి కింద పడేశాను. మళ్లీ ఎత్తి నోటి ముందు వేళ్లు తెరిచాను, మూశాను, తెరిచాను. ఎదుటి మనిషి వైపు చూపించాను. చివరికి రెండు వేళ్లు నా కళ్ల కింద ఆనించి, అక్కడే ఉంచాను.

తమ్ముడు రెప్ప వెయ్యకుండా చూశాడు. లేచి వచ్చి నా చూపుడువేలు కొంచెం వంచాడు.

“గిట్లనా, గట్లనా?”

“గిట్లనే.”

“ఇంకోసారి జెయ్యి కాకా.”

చేశాను. ఇంకోసారి అన్నాడు. మళ్లీ చేశాను. వెనక్కి పోయి స్టూలు మీద కూర్చున్నాడు. మీ అన్న ఏమన్నాడని నేనే అడిగాను.

“తమ్మీ, చెయ్యి నొస్తుంది. ఇగ నువ్వు ముచ్చట వెట్టు, నేను జూస్త. గిదన్నడు కాకా.”

 బయట బస్సుల హారన్లు మోగుతున్నాయి. అప్పుడు తమ్ముడి చేతులు ఒళ్లోంచి లేచాయి. నా ముఖంలోకి చూస్తూ, రెండు చేతులతో చెప్పడం మొదలుపెట్టాడు. అవ్వ గురించి ఏదో చెప్పాడు. ఆర్మూరు గురించి ఏదో చెప్పాడు. ఒకచోట నవ్వాడు, ఒకచోట మాట తప్పితే మళ్లీ సరిచేసుకుని చెప్పాడు. మిగతాది నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఎవరో గిరాకీ వచ్చి పిలిచారు, పలకలేదు. కళ్లు పక్కకు తిప్పితే ఆ పిల్లాడి మాట తెగిపోతుంది. అతను చేతులు దించేదాకా, అట్లాగే చూస్తూ కూర్చున్నాను.